పాఠకుల ప్రశ్నలు: భర్త చెప్పే కథను ఎంతవరకు నమ్మాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే నవల గురించి ఉన్నాయి. అది ఇంగ్లిష్ రచయిత ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ రాసిన 'ద గుడ్ సోల్జర్', 1915లో వచ్చింది. చదవనివారి కోసం కథ నాలుగు మాటల్లో: జాన్ డవెల్ ఫిలడెల్ఫియాకు చెందిన డబ్బున్నవాడు, అతని భార్య ఫ్లారెన్స్. కెప్టెన్ ఎడ్వర్డ్ ఆష్‌బర్నమ్ ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ భూస్వామి, అతని భార్య లియొనోరా. గుండెజబ్బులవాళ్ళు స్నానాల చికిత్సకు వెళ్ళే జర్మనీలోని నౌహైమ్‌లో ఈ రెండు జంటలూ కలుసుకున్నాయి. తొమ్మిదేళ్ళు స్నేహం సాగింది. ఆ స్నేహం చాటున ఫ్లారెన్స్‌కూ ఎడ్వర్డ్‌కూ సంబంధం నడిచింది. లియొనోరాకు తెలుసు. తెలియనివాడు డవెల్ ఒక్కడే. కథంతా చెప్పేది ఆ డవెలే. ఎవరెవరు చనిపోయారో అతను మొదట్లోనే చెప్పేస్తాడు కాబట్టి, కింది జవాబుల్లో మలుపులు బయటపడినా చదివే ఆసక్తికి పెద్దగా దెబ్బ తగలదు.

ప్రశ్న: సగం చదివి ఆపేశాను. ఒకచోట ఫ్లారెన్స్‌ని తలుచుకుని జాలిపడతాడు, ఇంకోచోట ఆమెను ద్వేషిస్తున్నానంటాడు. ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు. తేదీలు కూడా కుదరడం లేదు. ఇది కథకుడి తప్పా, రచయిత తప్పా? అసలీ నవలని ఎలా చదవాలి?
— ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆపేసినచోటు నుంచి కాకుండా మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవండి. ఈసారి పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని పేజీకి నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఏం జరిగింది, రెండో గడిలో ఎప్పుడు జరిగింది, మూడో గడిలో డవెల్‌కు ఎప్పుడు తెలిసింది, నాలుగో గడిలో ఎవరి ద్వారా తెలిసింది. చాలామంది మొదటి రెండు గళ్ళు నింపి, కాలక్రమం సరిచేసుకుంటే నవల అర్థమైపోతుందనుకుంటారు. దానివల్ల కథ తెలుస్తుంది, అంతే. నవల ఉన్నది మూడో గడిలో, నాలుగో గడిలో.

ఫ్లారెన్స్ మరణాన్ని ఇలా రాసి చూడండి. జరిగింది 1913 ఆగస్టు 4 రాత్రి, నౌహైమ్ హోటల్లో. ఆమె మంచం మీద పడి ఉంది, చేతిలో చిన్న సీసా. గుండె ఆగి చనిపోయిందని డవెల్ ఆ రాత్రి నమ్మాడు. పన్నెండేళ్ళుగా అతను నమ్ముతూ వచ్చింది ఆ గుండెజబ్బునే కదా. ఆమె తాగింది ప్రూసిక్ ఆమ్లం అనే విషమని, అది ఆత్మహత్య అని, ఎడ్వర్డ్ కూడా పోయాక లియొనోరా నోట విన్నాడు. అంటే జరిగినదానికీ తెలిసినదానికీ మధ్య కొన్ని నెలలు గడిచాయి. ఇప్పుడు మరణదృశ్యం మళ్ళీ చదవండి. ఆ సీసాలో 'న్యాయంగా అమైల్ నైట్రేట్ ఉండవలసింది' అన్న అర్థం వచ్చే మాట ఒకటి వాక్యం మధ్యలో దొర్లిపోతుంది. అది గుండెనొప్పి మందు. 'ఉండవలసింది' అన్నాడంటే అందులో ఉన్నది వేరేదని రాసేనాటికి అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి తనకున్న అజ్ఞానంలోకే మనల్ని తీసుకెళ్తున్నాడు. మొదటిసారి చదివేటప్పుడు ఆ మాట కంటికి ఆనదు.

ఇలా నింపుకుంటూ పోతే ఒక విషయం తేలుతుంది. డవెల్ వస్తువుల విషయంలో కచ్చితంగా ఉంటాడు: తలుపు, సీసా, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి చెయ్యి ఎక్కడుంది. వాటి అర్థం దగ్గర తప్పుతాడు. మోసపోయిన కథకుడు చూడలేదని మనం అనుకుంటాం. ఇతను చూశాడు.

అందుకు గట్టి సాక్ష్యం మొదటి భాగంలో కోట దృశ్యం. నలుగురూ రైల్లో ఒక పాత పట్నానికి వెళ్తారు. నవల ఆ ఊరి పేరు మొదటి అక్షరంతోనే సరిపెడుతుంది. అది మార్బర్గ్ అని విమర్శకులు గుర్తుపట్టారు. 1529లో ప్రొటెస్టెంట్ మత సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ చర్చకు కూర్చున్న ఊరది. కోటలో లూథర్ నాటి కాగితాన్ని చూపిస్తూ ఫ్లారెన్స్ ప్రొటెస్టెంట్ మతం గొప్పదనం చెబుతుంది, చెబుతూ ఎడ్వర్డ్ మణికట్టు మీద ఒక వేలు ఆనిస్తుంది. అంతే. ఆ క్షణాన గాలిలో ఏదో ద్రోహం, ఏదో భయంకరమైనది ఉన్నట్టు డవెల్‌కు అనిపిస్తుంది. లియొనోరా అతన్ని బయటికి లాక్కెళ్ళి, ఏం జరుగుతోందో కనపడటం లేదా అని దాదాపు అరుస్తుంది. తర్వాత తనను తాను కూడదీసుకుని, తాను ఐరిష్ క్యాథలిక్కునని తెలియదా అంటుంది. తన మతాన్ని కించపరిచారన్నట్టు మాట మార్చేసింది. ఆ మాట విన్నాక జీవితంలో ఎన్నడూ ఎరగనంత ఊరట కలిగిందంటాడు డవెల్. ఎందుకంత ఊరట? మత విషయం ఎవరికీ అంత ఊరటనివ్వదు. తాను చూసినదానికి ఇంకో అర్థం దొరికింది, అందుకు. ఆ పేరా దగ్గర ఆగి రెండుసార్లు చదవండి. ఈ నవల ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి పేజీ లేదు.

ఇక తేదీలు. రెండు జంటలూ మొదట కలిసింది 1904 ఆగస్టులో అంటాడు. కోటకు వెళ్ళింది, అదే సాయంత్రం మేజీ మేడన్ అనే అమ్మాయి హోటల్లో చనిపోయింది 1904 ఆగస్టు 4న అంటాడు. రెండూ నిజమైతే పరిచయమైన మూడు రోజుల్లోనే అంత సాన్నిహిత్యం, అంత ద్రోహం పుట్టుకురావాలి. కుదరదు. మరొకటి కూడా ఉంది. నాలుగో భాగంలో ఒకచోట, కిందటి అధ్యాయం ముగించి పద్దెనిమిది నెలలు దాటిందంటాడు. మొదట్లో చెప్పిన లెక్క ప్రకారం అతనికి నిజం తెలిసింది తొమ్మిదేళ్ళ ఆరు నెలలకు నాలుగు రోజులు తక్కువగా, అంటే 1914 జనవరి చివర. దానికి పద్దెనిమిది నెలలు కలిపితే 1915 వేసవి దాటుతుంది. నవల అచ్చయింది 1915 మార్చిలో. పైగా అప్పటికి ఏడాదిగా యుద్ధం నడుస్తోంది. డవెల్ సిలోన్ దాకా వెళ్ళివచ్చాడు, యుద్ధం ఊసే లేదు.

వీటిలో కొన్ని ఫోర్డ్ పొరపాట్లే అయి ఉంటాయి. అన్నిటినీ గొప్ప వ్యూహంగా చూపించనక్కర్లేదు. పరీక్షలో రాసేటప్పుడు కథకుడి పొరపాటుకు ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ తప్పువల్ల డవెల్‌కు ఏదైనా మేలు జరుగుతోందా? 'మేజీ 1904 ఆగస్టు 4న పోయింది, ఆ తర్వాత 1913 ఆగస్టు 4 దాకా ఏమీ జరగలేదు' అంటాడు. ఆ తొమ్మిదేళ్ళే అతని భార్య ద్రోహం నడిచిన కాలం. ఆ 'ఏమీ జరగలేదు'లో అతని అవసరం ఉంది. సిలోన్ ప్రయాణంలో యుద్ధం కనపడకపోవడంలో అతని అవసరం ఏమీ లేదు.

ప్రశ్న: అన్నీ ఆగస్టు 4నే జరగడం మరీ అతిగా అనిపించింది. ఆ తేదీకి అర్థం ఏమిటి? 'మంచి సైనికుడు' అన్న పేరుకూ కథకూ సంబంధమే కనపడలేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: ఫ్లారెన్స్ పుట్టింది ఆగస్టు 4న. 1899లో అదే రోజున తండ్రి సోదరుడితో, జిమ్మీ అనే కుర్రాడితో ప్రపంచయాత్రకు బయలుదేరింది. 1900లో అదే రోజున జిమ్మీకి లొంగింది. 1901లో అదే రోజున డవెల్‌ను పెళ్ళాడింది. ఆ పైన మేజీ మరణం, ఫ్లారెన్స్ మరణం. కాకతాళీయం కావచ్చు, ఫ్లారెన్స్‌కున్న మూఢనమ్మకం కావచ్చు అని డవెలే అంటాడు. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది 1914 ఆగస్టు 4న. అచ్చయిన ఏడాది చదివినవాళ్ళకు ఆ తేదీ ఇంకోలా వినిపించి ఉంటుంది. యుద్ధం నవలలోకి వచ్చిందన్న మాట మాత్రం అనలేం.

కథ చెప్పేవాడి కోణం నుంచి చూస్తే ఆ తేదీకి ఒక పని ఉంది. అన్నీ ఒకే రోజున జరిగితే అది విధి అవుతుంది. విధి అయితే ఎవరూ ఏమీ చెయ్యగలిగేది లేదు. ఏమీ చెయ్యని మనిషికి అంతకన్నా కావలసిందేముంది?

పేరు సంగతి తేలిక. ఫోర్డ్ పెట్టుకున్న పేరు 'అత్యంత విషాదగాథ' అన్న అర్థం వచ్చేది. కొంత భాగం 1914లో 'బ్లాస్ట్' పత్రిక మొదటి సంచికలో ఆ పేరుతోనే వచ్చింది. యుద్ధకాలంలో ఆ పేరుతో పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్త జాన్ లేన్ పట్టుబడితే, విసుగులో వ్యంగ్యంగా 'ద గుడ్ సోల్జర్' అని పెట్టుకోమన్నానని, తీరా అదే అట్ట మీదికెక్కిందని 1927 ముద్రణ అంకిత లేఖలో ఫోర్డ్ రాశాడు.

ప్రశ్న: ఫ్లారెన్స్‌ని, ఎడ్వర్డ్‌ని డవెలే చంపాడని ఎక్కడో చదివాను. నిజమేనా?
— పాఠకుడు, డాలస్

జవాబు: అలా వాదించిన విమర్శకులున్నారు. వారు చూపించే ఆధారాలు నవలలో ఉన్నవే, కల్పితాలు కావు. పెళ్ళినాటి పరుగులో, ఫ్లారెన్స్ మందులున్న సంచీ జారవిడిచాడని తన ముసలి నౌకరును కన్ను వాచేలా కొట్టి, గొంతు నులుముతానని బెదిరించాడు డవెల్. అంత సాత్వికంగా కనపడే మనిషిలో ఆ కోపం ఉంది. భార్య చనిపోయిన కొన్ని గంటలకే 'ఇప్పుడిక ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకోవచ్చు' అన్నాడు. ఆ అమ్మాయి నాన్సీ, ఆష్‌బర్నమ్‌ల సంరక్షణలో పెరిగిన పిల్ల. ఆ మాట అన్నట్టు డవెల్‌కు గుర్తులేదు, తర్వాత లియొనోరా చెప్పింది. ఇక ఎడ్వర్డ్ మరణం. ఎడ్వర్డ్ ప్రేమించిన నాన్సీని ఇండియాలో ఉన్న తండ్రి దగ్గరికి పంపించేశారు. దారిలో ఇటలీలోని బ్రిండిసీ నుంచి ఆమె ఇచ్చిన టెలిగ్రాం వచ్చింది, హాయిగా ఉన్నానని. ఎడ్వర్డ్ చదివాడు, జేబులోంచి చిన్న చాకు తీశాడు. ఏం చెయ్యబోతున్నాడో డవెల్‌కు అర్థమైంది. ఆపలేదు. టెలిగ్రాం పట్టుకుని లియొనోరాకు చూపించడానికి వెళ్ళాడు.

ఇది హత్య అనడం నాకు సమ్మతం కాదు. హత్య అనగానే నవల ఒక చిక్కుముడి అవుతుంది, చిక్కు విడిపోతే పుస్తకం మూసెయ్యవచ్చు. కానీ ఫోర్డ్ రాసింది అంతకన్నా బరువైనది: చెయ్యకుండా ఉండటం వల్ల ఇద్దరి చావులకు దారి వదిలిన మనిషి. ఎడ్వర్డ్ ఎలా పోయాడో చెప్పడం మరిచిపోయానంటూ ఆ సంగతి చిట్టచివరి పేజీకి నెట్టాడు. అతని నేరం ఎంతుందో ఆ మరపే చెబుతుంది. ఎడ్వర్డ్‌ను ప్రేమించానని, ఎడ్వర్డ్ అంటే తానేనని కూడా ఆ చివరి అధ్యాయంలోనే అంటాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: చలం 'మైదానం'లో రాజేశ్వరి కూడా ఉత్తమ పురుషలోనే చెబుతుంది. ఆమెనూ నమ్మలేని కథకురాలు అనవచ్చా?
— పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఏ అర్థంలో అన్నది తేల్చుకోవాలి. 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ ఈ పేరు పెట్టినప్పుడు కథకుడి విలువలకూ, ఆ రచన వెనక ఉన్న విలువలకూ మధ్య దూరాన్ని కొలతగా తీసుకున్నాడు. తర్వాత జేమ్స్ ఫెలన్ దాన్ని మూడుగా విడదీశాడు: జరిగినదాన్ని తప్పుగా చెప్పడం, తప్పుగా అర్థం చేసుకోవడం, తప్పుగా తూచడం. డవెల్‌లో ఎక్కువగా కనపడేవి రెండోది, మూడోది. రాజేశ్వరితో పాఠకుడు పోట్లాడేది మూడోదానిలోనే, అంటే భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళడాన్ని ఆమె తూచే తీరుతో. ఆ తూనికను నవల ఆమెతో కలిసే సమర్థిస్తుందని నేననుకుంటాను. అందువల్ల బూత్ కొలత ప్రకారం ఆమె నమ్మదగిన కథకురాలే. 1927లో ఆ నవల మీద లేచిన దుమారానికీ అదే కారణం. పాఠకుడి విలువలతో కుదరకపోవడం వేరు, రచన విలువలతో కుదరకపోవడం వేరు. మీ సిద్ధాంత వ్యాసంలో ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి.

ప్రశ్న: పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లిష్ కష్టంగా ఉంటుందా?
— గృహిణి, ఖమ్మం

జవాబు: ఫోర్డ్ 1939లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం కాపీరైట్ ఎప్పుడో ముగిసింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. దాదాపు 75 వేల పదాలు, నాలుగు భాగాలు. వాక్యాలు మాట్లాడినట్టే ఉంటాయి, కష్టం భాషలో లేదు. అచ్చుప్రతి కొంటే ముందుమాట చివర చదవండి. చాలా ముందుమాటలు డవెల్ మీద తీర్పు చెప్పేసి మొదలవుతాయి, ఆ తీర్పు మీరు సొంతంగా చేరుకోవలసింది.

ప్రశ్న: భార్య ద్రోహాన్ని తనకు తాను దాచుకుంటున్న భర్త చెప్పే కథ రాస్తున్నాను. రాసింది ఇద్దరు మిత్రులకిచ్చాను. ఒకరు అతను చెప్పినదంతా నమ్మేశారు. రెండోవారు, చివర్లో మోసం చేశావు అన్నారు. ఎక్కడ సరిచెయ్యాలి?
— కథకుడు, నెల్లూరు

జవాబు: రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే: ఆధారాలు కథంతా పరుచుకోకుండా చివర్లో కుప్పపడ్డాయి. ఇలా చేసి చూడండి.

ముందుగా అసలు జరిగినదాన్ని ప్రథమ పురుషలో, కాలక్రమంలో, ఒక పేజీకి మించకుండా రాసి పక్కన పెట్టండి. అది అచ్చుకు కాదు, మీ కోసం. ఆ పేజీ లేకుండా మొదలుపెట్టే కథల్లో రచయితకే ఏది నిజమో తెలియక, గందరగోళాన్ని లోతు అనుకుంటాడు. తర్వాత ఒక వాక్యం రాయండి: ఈ భర్త నిజం ఒప్పుకుంటే ఏం పోగొట్టుకుంటాడు? డవెల్‌కు ఆ జవాబు స్పష్టం. పెళ్ళయిన దగ్గర్నుంచి అతను రోగికి కాపలా ఉన్నాడు. భార్య గదికి రాత్రిళ్ళు లోపల గడియ, పిలిస్తే పలక్కపోతే తలుపు పగలగొట్టడానికి అతని చేతిలో గొడ్డలి. ఆ రోగం అబద్ధమైతే అతని పెళ్ళే అబద్ధం.

ఆ పైన దాచిన ప్రతి నిజానికీ మూడు చోట్లు కేటాయించండి. మొదటిది కథ మొదటి పావు భాగంలో, ఒక వస్తువు రూపంలో, వ్యాఖ్య లేకుండా. రెండోది నడిమిన, మరొకరి సంభాషణలో. మీ కథకుడు మాటల అర్థం మార్చవచ్చు, మాటలు మాత్రం యథాతథంగా ఉండాలి, లేకపోతే పాఠకుడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మూడోది బయటపడేచోట. మొదటి మిత్రుడు అన్నీ నమ్మాడంటే మీ రెండో చోటు ఖాళీగా ఉందన్నమాట. రెండో మిత్రుడికి మోసం అనిపించిందంటే మొదటిది లేదు.

కథ ఎప్పుడు చెబుతున్నాడో నిర్ణయించుకోవడం చాలా ముఖ్యం, ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. అన్నీ తెలిశాక చెబుతుంటే ఎందుకు ముందే చెప్పలేదని పాఠకుడు అడుగుతాడు. దానికి జవాబు కథకుడి స్వభావంలో ఉండాలి, రచయిత అవసరంలో కాదు. పల్లెలో పొయ్యి పక్కన కూర్చుని ఓపికగా వినే మనిషికి చెబుతున్నట్టు ఊహించుకుంటానని డవెల్ ముందే అంటాడు. గుర్తొచ్చినప్పుడు గుర్తొచ్చింది చెప్పే హక్కు దాంతో వచ్చింది. మనుషులతో పరిచయం వరసగా పెరగదని, ముందుకూ వెనక్కూ వెళ్తూ తెలుసుకుంటామని ఫోర్డ్, నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్ కలిసి పనిచేసినప్పుడు అనుకున్నదీ ఇదే. ఆ సంగతి కాన్రాడ్ మీద 1924లో రాసిన పుస్తకంలో ఉంది.

తెలుగులో మీకు అదనంగా ఒక సౌకర్యం ఉంది. 'వెళ్ళింది' అనాలా, 'వెళ్ళిందట' అనాలా అని ప్రతి క్రియ దగ్గరా కథకుడు తేల్చుకోక తప్పదు. వాళ్ళ అక్కగారింటికి వెళ్తున్నానని భార్య చెబితే, మీ కథకుడు 'అక్కగారింటికి వెళ్ళింది' అని కళ్ళారా చూసినట్టు చెప్పనివ్వండి. రెండు పేజీల తర్వాత అక్కగారి ఫోను రానివ్వండి. అయితే కథంతటా ఒకటి రెండు చోట్లకు మించి ఇది వాడకండి. అలాగే 'నాకు తెలియదు' అన్న మాటను తీర్పు చెప్పవలసి వచ్చిన చోట మాత్రమే అననివ్వండి. డవెల్ అది చాలాసార్లు అంటాడు, కానీ ఎక్కువగా సంగతులు తెలిశాకే, మంచిచెడ్డలు తేల్చవలసిన ఘడియలోనే అంటాడు.

భర్తను మరీ అమాయకుణ్ణి చెయ్యకండి. అమాయకుడైతే పాఠకుడు రెండో పేజీలోనే అతని కన్నా ముందుకు వెళ్ళిపోయి ఎదురుచూస్తూ కూర్చుంటాడు. భార్యకు కనీసం రెండు దృశ్యాలు ఇవ్వండి, ఆమె మాటలు అతని వ్యాఖ్య లేకుండా వినపడేలా. ఫ్లారెన్స్ విషయంలో ఫోర్డ్ చేసిన లోటు అదేనని నా అభిప్రాయం: ఆమె తన గొంతుతో మాట్లాడే చోట్లు మరీ తక్కువ. అందుకే డవెల్ ద్వేషం ఎంతవరకు న్యాయమో కొలిచే వీలు ఆ ఒక్క చోట మనకు చాలదు.

సవరించాక కథను ఆ ఇద్దరు మిత్రులకు కాకుండా, ఇంతవరకు చదవని మూడో మనిషికివ్వండి. 'నమ్మావా' అని అడగకండి. ఏ పేజీలో మొదటిసారి అనుమానం వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. గీత కథ సగానికి కాస్త ముందు పడితే ఆధారాలు సరిగ్గా కుదిరినట్టే. మొదటి పేజీలోనే పడితే వస్తువు మీద పెట్టిన వ్యాఖ్యను తీసెయ్యండి. అసలు పడకపోతే సంభాషణకు తిరిగి వెళ్ళండి.